సబ్రియె దాటించని సూది

సబ్రియె కష్టపడి సాధించిన మొదటి గెలుపు జడ్జిగారి భార్య నిద్ర.

బుర్సాలో ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. మెహ్‌పారె హనుమ్ అని, పెద్ద జడ్జిగారి ఇల్లాలు, మంగళవారం మంగళవారం సెర్విలి హమామ్‌కి స్నానానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒళ్లు రుద్దే మనిషిని మార్చమనేది. ఒకామె చెయ్యి రంపమనేది, ఒకామె చెయ్యి దూది అనేది, మూడో ఆమె రుద్దుతూ ఊపిరి గట్టిగా తీస్తోందని లేచి కూర్చునేది. ఆమె వచ్చే రోజున పనివాళ్లకి కడుపునొప్పులు మొదలయ్యేవి. అలాంటి మనిషి పంతొమ్మిదేళ్ల సబ్రియె చేతికింద, గుమ్మటం కింద నడిమధ్యనున్న వేడిరాతి మీద బోర్లా పడుకుని గురక పెట్టింది. హమామంతా చెంబుల చప్పుడు ఆపి విన్నది. గురక ఆగేదాకా సబ్రియె చెయ్యి ఆపలేదు. ఆమె లేచి, మూతి తుడుచుకుని, పెద్దావిడ హవ్వా ఉస్తా వైపు చూసి, "ఈ పిల్లని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?" అని అడిగింది. ఆ సాయంత్రం హవ్వా ఉస్తా తన చేతికున్న ముడిపట్టు తొడుగు ఊడదీసి సబ్రియె చేతికి తొడిగింది. పనిలో ఆరితేరి ఉస్తా అనిపించుకున్న మనిషి తన తొడుగు తీసి ఇంకొకరికి ఇచ్చిందంటే, ఇక ఆ రాయి నీదని చెప్పినట్టే.

ఆ చెయ్యి ఊరికే రాలేదు. కేలెస్ కొండల్లోని పల్లె నుంచి పదహారేళ్ల వయసులో సబ్రియెని మేనమామ తెచ్చి సెర్విలి తలుపు దగ్గర దింపి పోయాడు. మా చెకిర్గె పేటలో వేడినీళ్లు ఎవరూ కట్టెలు పెట్టి కాచరు. కొండ కడుపులోంచి వాటంతటవే పొగలు కక్కుకుంటూ వస్తాయి. ఆ ఆవిరికి పుట్టి పెరిగిన మాకే ఒక్కోసారి తల తిరుగుతుంది. కొండ చలిలో పెరిగిన పిల్ల మొదటివారం రోజూ పడిపోయింది. హవ్వా ఉస్తా నడుం మీద చేతులు పెట్టుకుని, "కేలెస్ నుంచి మేకపిల్ల దిగొచ్చింది. దీన్ని నీళ్లదాకా తీసుకెళ్లకండే, కరిగిపోద్ది" అనేది. మూడు చలికాలాలు సబ్రియెకి ఒళ్లు రుద్దే పని ఇవ్వలేదు. తడిసిన కట్టుగుడ్డలు పిండడం, చెక్కచెప్పులు కడగడం, పాలరాతి తొట్లకి పట్టిన సున్నపు పొర గీకడం, ఇవే.

ఆ మూడు చలికాలాలూ ఆమెని నిలబెట్టినది ముకద్దెస్. తువ్వాళ్లు నేసే రెమ్జీ కూతురు. వారానికి రెండుసార్లు నెత్తిమీద తువ్వాళ్ల మూట పెట్టుకుని హమామ్‌కి వచ్చేది. సబ్రియె తువ్వాళ్లు మోస్తూ రెండోసారి పడిపోయిన రోజున ముకద్దెస్ పక్కన కూర్చుని ఆమె నుదుట చన్నీళ్లు చల్లింది. కళ్లు తెరిచాక, "పడితే పడ్డావు గానీ తువ్వాళ్లు నేలకి తగలనివ్వలేదు చూడు. నువ్వు ఇక్కడ నిలబడతావే పిల్లా" అంది. ఆ రాత్రి నుంచి సబ్రియె రెమ్జీ ఇంట్లోనే, ముకద్దెస్ పరుపులో సగం మీద పడుకుంది. ఊరి మాట ముకద్దెస్ నేర్పింది. ఏ ఇల్లాలిని హనుమ్ అనాలో, ఎవరిని అక్కా అంటే చాలో, పెళ్లిచూపులకని హమామ్‌కి వచ్చే అత్తల కళ్లముందు ఏ పిల్లని ఎటు తిప్పి కూర్చోబెట్టాలో, అన్నీ ఆమె దగ్గరే తెలుసుకుంది. ముకద్దెస్ పెళ్లికి సబ్రియె తన మొదటి సంపాదనంతా పోసి రాగిచెంబు చేయించింది. దాని అడుగున ముకద్దెస్ పేరు చెక్కించింది. పెళ్లికూతురి స్నానంలో మొదటి చెంబు ఆమే పోసింది.

ఆ తర్వాత సబ్రియె సాధించినవి చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. మా చెకిర్గెలో ఆమె చేతికిందికి రాని పెళ్లికూతురు లేదు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డసంచిలోకి ఊది, ఒక్క ఊపుతో మనిషి మొత్తాన్ని నురగతో కప్పేది. పసిపిల్లలు ఆ నురగ కోసమే ఏడుపు మానేవాళ్లు. వీపు మీద చెయ్యి వేసి జ్వరం వస్తుందో రాదో ముందే చెప్పేది. ఒక గవర్నరుగారి భార్య, మొగుడికి అంకారా బదిలీ అయ్యాక కూడా రైలెక్కి వచ్చేది. సబ్రియె దగ్గర పని నేర్చుకున్న వాళ్లు ఇవాళ ఊళ్లో ప్రతి హమామ్‌లోనూ ఉన్నారు. ఒకతె జర్మనీలో సొంతంగా హమామ్ పెట్టింది. టీవీ వాళ్లు కెమెరా పట్టుకొచ్చి, రుద్దడం ఎలా నేర్చుకున్నారని అడిగితే, "ముందు గుడ్డలు పిండండి" అని చెప్పి పంపేసింది.

కానీ ఆమె దేనికి గర్వపడేదని అడిగితే వీటిలో ఏదీ కాదు. ఎర్రరిబ్బను.

బాలింత నలభై రోజులు నిండాక బిడ్డతో హమామ్‌కి రావడం, నలభై గులకరాళ్లు వేసిన చెంబుతో తల్లికీ బిడ్డకీ నీళ్లు పోయించుకోవడం మాలో ఉన్నదే. ఆ నీళ్లు పడేదాకా ఒక బాలింతకి ఇంకో బాలింత ఎదురుపడకూడదు. పడితే ఇద్దరి నలభైలూ కలిసిపోతాయి, ఇద్దరు బిడ్డల్లో ఒకరికి పాలు వంటబట్టవు, చిక్కిపోతారు. పొరపాటున ఎదురుపడితే అక్కడికక్కడే సూదులు మార్చుకోవాలి. నాది నీకు, నీది నాకు. అంతటితో దోషం పోతుంది. అక్కడ కుదరకపోతే తర్వాతైనా సూది పంపించి, అవతలి సూది తెప్పించుకోవాలి. అందుకే సెర్విలిలో బాలింత లోపలుంటే లోపలి తలుపు గొళ్లానికి ఎర్రరిబ్బను కట్టేవాళ్లు. రిబ్బను ఉన్నంతసేపూ రెండో బాలింత ముందున్న చలిగదిలోనే కూర్చోవాలి, ఆమె ఎవరి కోడలైనా సరే. హవ్వా ఉస్తా ముసలిదై ఇంటిపట్టున ఉండిపోయాక ఆ రిబ్బను సబ్రియె చేతికి వచ్చింది. "నా తలుపులో రెండు నలభైలు ఎప్పుడూ కలవలేదు" అనేది. మిగతా హమామ్‌లని వదిలి బాలింతలందరూ సెర్విలికే వచ్చేది ఆ ఒక్క మాట మీద నమ్మకంతోనే.

ముకద్దెస్‌కి మగబిడ్డ పుట్టిన చలికాలం అది. పేరు తుర్గుత్ అని పెట్టారు. నలభై నిండిన గురువారం పొద్దున్నే ముకద్దెస్ బిడ్డని ఎర్రశాలువాలో చుట్టుకుని వచ్చింది. సబ్రియె గొళ్లానికి రిబ్బను కట్టి, ఆమెని లోపలి పక్కగదిలో కూర్చోబెట్టింది. ఆ గదికి వెనకనుంచి చలిగదిలోకి చిన్న దారి ఉంది. నలభై నీళ్లు తర్వాత తీరిగ్గా పోద్దాం, ముందు ఒళ్లు నానబెట్టుకో అని చెప్పి వచ్చింది.

ఇంతలో మిల్లు యజమాని భార్య బెహీజె హనుమ్ దిగింది. వెంట బుట్టలు, పళ్లేలు, డప్పు వాయించే ఇద్దరు ఆడవాళ్లు, చుట్టాలు, వాళ్ల మధ్య పచ్చి బాలింత కోడలు నుర్తెన్. ఆ పిల్లకి ఇంకా ఇరవై రోజులే. కుటుంబమంతా ఇస్తాంబుల్ వెళ్లిపోతున్నారని సగం నలభైకే స్నానం పెట్టుకున్నారు. సబ్రియె రిబ్బను చూపించింది. బెహీజె హనుమ్ కూర్చుంది. కాఫీ తాగింది. లేచింది. మళ్లీ కూర్చుంది. చుట్టాలు మొహాలు చూసుకుంటున్నారు. అప్పుడామె అందరికీ వినపడేలా, అయినా మెత్తగా అంది:

"సబ్రియె ఉస్తా, ఈ తలుపు నీ మాట మీద నడుస్తుందని విని ఇంతదూరం వచ్చాం. మమ్మల్ని చలిలో ఆరబెట్టడానికేనా?"

అప్పటిదాకా సబ్రియెని ఉస్తా అని పిలిచినవాళ్లు లేరు. సబ్రియె అనేవాళ్లు, పిల్లా అనేవాళ్లు, అక్కా అనేవాళ్లు. మిల్లు యజమాని ఇల్లాలు, గదినిండా జనం వింటుండగా, ఉస్తా అంది. ముకద్దెస్ ఎలాగూ పక్కగదిలో ఉంది, ఆమెని వెనక దారిన పంపించేయొచ్చు, ఈలోగా వీళ్లని పెద్దగదిలో కూర్చోబెడితే ఏం పోయింది అనుకుంది. ఆ అనుకోవడంలోనే చెయ్యి రిబ్బను విప్పేసింది.

డప్పులు మోగాయి. ఆవిరి నాలుగడుగుల అవతల ఎవరి మొహం ఎవరికీ కనపడనంత దట్టంగా ఉంది. సబ్రియె నుర్తెన్‌ని కూర్చోబెట్టి పక్కగది వైపు వెళ్లేలోపే తుర్గుత్ గుక్కపట్టి ఏడ్చాడు. ముకద్దెస్ పొడి తువ్వాలు కోసం బిడ్డని గుండెకి హత్తుకుని, తడిజుట్టు మొహం మీద పడి ఉండగా, తల వంచుకుని పెద్దగదిలోంచే నడిచింది. నుర్తెన్ అప్పుడే లేచి నిలబడింది. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ దాటిపోయారు. నుర్తెన్ తల తిప్పి చూసింది. ముకద్దెస్ చూడలేదు. సబ్రియె చూసింది.

సబ్రియె దగ్గర అప్పుడూ సూది ఉంది. జాకెట్టు అంచుకి గుచ్చి ఉంది. బాలింతల పని చేసే ఆడదాని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఒక్క మాట పైకి అంటే అక్కడే అయిపోయేది. కానీ ఆ మాట అంటే, లోపల బాలింత ఉండగా రిబ్బను విప్పానని బెహీజె హనుమ్ ముందు, డప్పులవాళ్ల ముందు, ఊరి ముందు ఒప్పుకోవాలి. బిడ్డలిద్దరూ గట్టిగానే ఉన్నారు కదా అనుకుంది. ముకద్దెస్‌కి నలభై నీళ్లు పోసింది.

రెండు వారాల తర్వాత తుర్గుత్ పాలు తాగడం తగ్గించాడు. చిక్కిపోయాడు. పెదాలు నీలంగా మారేవి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, మసీదు హోజా దగ్గరికి తీసుకెళ్లారు. ఒక పొద్దున వానలో తడిసిన కోటు విప్పకుండానే ముకద్దెస్ సెర్విలి చలిగదిలోకి వచ్చి నిలబడింది. చుట్టూ బెంచీల మీద ఆడవాళ్లు తలలు ఆరబెట్టుకుంటున్నారు.

"సబ్రియె, నాకొక్క మాట చెప్పు" అంది. "ఆ రోజు లోపల ఇంకో బాలింత ఉందా? ఉంటే పేరు చెప్పు, వెళ్లి సూది మార్చుకొస్తా. నిన్నేమీ అనను."

బెంచీల మీద దువ్వెనలు ఆగిపోయాయి.

"నా తలుపులో రెండు నలభైలు ఎప్పుడూ కలవలేదు."

"ఎప్పుడూ సంగతి కాదు. ఆ రోజు సంగతి అడుగుతున్నా."

"లేదు" అంది సబ్రియె.

ముకద్దెస్ ఆమె మొహంలోకి చూసి తల ఊపింది. నమ్మింది. తను పరుపులో సగమిచ్చి పడుకోబెట్టుకున్న మనిషి మాట నమ్మకుండా ఎలా ఉంటుంది? ఇంకెక్కడో దోషం తగిలిందని ఇంకో దారి వెతుక్కుంటూ పోయింది.

చెర్రీలు పూసే రోజుల్లో బిడ్డ పోయాడు. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందని డాక్టరు ముందునుంచీ చెబుతూనే ఉన్నాడు. సూది మార్చినా బతికేవాడు కాదని సబ్రియెకి తెలుసు, ముకద్దెస్‌కీ తెలుసు. అయితే మార్చుకుని ఉంటే, తల్లి చెయ్యాల్సినవన్నీ చేశాననుకుని పడుకునేది. అది లేకుండా పోయింది.

ఇస్తాంబుల్ నుంచి పుట్టింటికి వచ్చిన నుర్తెన్ ఎండాకాలంలో బజారులో ముకద్దెస్‌ని గుర్తుపట్టింది. సంగతి తెలియక, "ఆ రోజు మనం దాటుకున్నాం కదక్కా, మీరు సూది అడుగుతారేమోనని నేను చూశాను" అంది. ఆ మధ్యాహ్నం ముకద్దెస్ సెర్విలికి వచ్చింది. లోపలికి రాలేదు. రాగిచెంబుని గడప మీద పెట్టింది.

"బిడ్డ నీవల్ల పోయాడని నేను ఎక్కడా అనను" అంది. "నీ దగ్గరికి ఒక్క సూది కోసం వచ్చాను. అదీ నీ దగ్గర దొరకలేదు."

సబ్రియె నోరు తెరిచింది. ముకద్దెస్ ఆమె మాట కోసం కాసేపు నిలబడింది కూడా. చూసినవాళ్లు చెబుతారు, కావాలనే నిలబడిందని. తర్వాత చెప్పులేసుకుని వీధి దిగిపోయింది. ఆ శీతాకాలానికి ముందే మొగుడి వైపు ఊరు ఐవాలిక్‌కి, ఆలివ్ తోటల దగ్గరికి, కాపురం మార్చేశారు.

ఆ తర్వాత సబ్రియెని అందరూ ఉస్తా అనడం మొదలుపెట్టారు. పెళ్లి చేసుకుంది, కూతుర్ని కన్నది, మొగుణ్ణి పోగొట్టుకుంది, కూతుర్ని టీచరుని చేసింది. తలుపు మీద రిబ్బను ఎంత పెద్దవాళ్లొచ్చినా విప్పలేదు. ఒక మంత్రిగారి చెల్లెల్ని చలిగదిలో సగంపూట కూర్చోబెట్టి ఊరంతా పేరు తెచ్చుకుంది. కానీ "నా తలుపులో రెండు నలభైలు" అనే మాట మళ్లీ ఆమె నోట ఎవరూ వినలేదు. ఎవరైనా ఆమె తరఫున ఆ మాట అంటే గుడ్డలు పిండటానికి లోపలికి పోయేది.

ప్రతి ఏడూ ఐవాలిక్ వెళ్తాననేది. పెళ్లిళ్ల రోజులు దాటనీ అనేది. పెళ్లిళ్లు దాటాక పెద్దలకి కీళ్లనొప్పులు మొదలయ్యే చలికాలం. అది దాటితే మళ్లీ పెళ్లిళ్లు. ఒకసారి నిజంగానే చెస్ట్‌నట్ మిఠాయి పెట్టె కొనుక్కుని బస్టాండుదాకా వెళ్లింది. బస్సు వెళ్లిపోయిందని వెనక్కొచ్చింది. ఆ మిఠాయి మేమే తిన్నాం. డబ్బుల బల్ల దగ్గర కూర్చునే మెలిహా నోరు ఊరుకోదు, "ఉస్తా, ఐవాలిక్ బస్సు ఒక్కటే ఉంటుందా ఏంటి? సాయంత్రం ఇంకోటి ఉంది" అంది. సబ్రియె మిఠాయి నములుతూ, "సాయంత్రం బస్సులో కళ్లు తిరుగుతాయి" అంది. ఆవిరిలో నలభై ఏళ్లు నిలబడిన మనిషి.

ఈ ఫిబ్రవరిలో ఐవాలిక్ నుంచి కోడలుగా వచ్చిన ఒక అమ్మాయి సబ్రియె చేతికింద పడుకుని, పుట్టింటి కబుర్లు చెబుతోంది. అమ్మ ఫోన్‌లో చెప్పిందట, మా వెనక వీధిలో ముకద్దెస్ గారి కూతురు ఫిలిజ్‌కి ఆడపిల్ల పుట్టిందని, ఎదురింటి సెవ్‌గికీ అదే వారం కాన్పయిందని. "ఇద్దరు బాలింతలు ఎదురెదురు కిటికీల్లో కూర్చుని పొద్దస్తమానం మాట్లాడుకుంటారట పిన్నీ. ఈ కాలం పిల్లలకి నలభైలూ లేవు, ఏమీ లేవు" అని నవ్వింది.

సబ్రియె చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయి వీపు సగమే రుద్దినట్టు ఉండిపోయింది. అలా మధ్యలో ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు. మిగతా సగం ఇంకొకరికి అప్పగించి, చలిగదిలోకి వచ్చి, తొడుగు ఊడదీసి మేకుకి తగిలించింది. మర్నాడు పొద్దున బస్సుకి రాగిచెంబు, మిఠాయి పెట్టె, సూదుల పొట్లం సంచిలో వేసుకుని వెళ్లింది. ఈసారి బస్సు ఉంది. ఇక్కణ్ణించి జరిగినదంతా ఆమె మెలిహాకి ఫోన్‌లో చెప్పినదే.

ఐవాలిక్‌లో తలుపు తీసింది ఫిలిజ్. నడుముకి ఎర్రగుడ్డ, భుజం మీద పసిపాప. ముకద్దెస్ కళ్లు ఆమెవి. సబ్రియె తన పేరు చెప్పి, "అమ్మ ఉందా?" అని అడిగింది.

ఫిలిజ్ పక్కకి జరిగి లోపలికి రమ్మంది. కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది. అప్పుడు చెప్పింది, అమ్మ పోయిన శరదృతువులో, ఆలివ్‌లు దులుపుతున్న రోజుల్లో చనిపోయిందని. రెండు రోజుల జ్వరం. అంతే.

సబ్రియె నీళ్ల గ్లాసు కింద పెట్టింది. తర్వాత అడిగిన మొదటి మాట, "అమ్మని చివరిసారి ఎవరు కడిగారమ్మా?" అని.

"మునిసిపాలిటీ వాళ్లు పంపిన ఆవిడ. మంచి మనిషే పిన్నీ. తొందరగా కానిచ్చింది, బయట జనం ఎదురుచూస్తున్నారని."

తొందరగా కానిచ్చింది. ఆ మాట సబ్రియె మెలిహాకి ఫోన్‌లో రెండుసార్లు చెప్పిందట. ఎంతమంది మేనుల మీదో తీరిగ్గా నడిచిన చెయ్యి. పెళ్లినాడు మొదటి చెంబు పోసిన చెయ్యి. చివరి చెంబు ఎవరో పరాయి మనిషి, చేతిగడియారం చూసుకుంటూ పోసింది.

ఫిలిజ్ ఆమెని ఓదార్చబోయింది. అమ్మ మీ గురించి చెప్పేది పిన్నీ అంది. ఇక్కడి హమామ్‌లో ఎవరు రుద్దినా, బాగానే ఉంది గానీ సబ్రియె చెయ్యి కాదు అనేదట. మరి ఎందుకు వెళ్లవు అంటే, దూరం కదా అని ఊరుకునేదట. సబ్రియెకి ఆ మంచిమాట మోయడం కష్టమైంది. ఇన్నేళ్లుగా ముకద్దెస్ తనని తిడుతూ ఉండి ఉంటుందనుకుంటేనే తేలిగ్గా ఉండేది.

"నీకు ముందు పుట్టిన అన్న సంగతి తెలుసా?" అని అడిగింది.

"పేరు తెలుసు. తుర్గుత్. ఇంకేమీ చెప్పేది కాదు."

అప్పుడు సబ్రియె చెప్పింది. రిబ్బను ఎందుకు విప్పిందో, ఎవరు ఎవర్ని దాటారో, వానలో తడిసిన కోటుతో ముకద్దెస్ వచ్చి ఏమడిగిందో. చివరికి, "కలిశారమ్మా. ఆ రోజు ఇద్దరూ కలిశారు. నేను చూశాను. చూసి లేదన్నాను" అంది.

ఫిలిజ్ పాపని ఒళ్లో వేసుకుని జోకొట్టింది. మందుల షాపులో పని చేసే పిల్ల. నలభైలనీ సూదులనీ నమ్మే మనిషి కాదు. అయినా నవ్వలేదు.

"నేనేమనాలి పిన్నీ?" అంది. "ఫర్వాలేదనడానికి ఆ బిడ్డ నా బిడ్డ కాదు. అమ్మ ఉంటే ఏమనేదో నాకు తెలీదు. ఏదో ఒకటి అనేది. మీరు అడగాల్సింది."

"అడగాల్సింది" అంది సబ్రియె.

అంతలో ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సెవ్‌గి అనే ఆ అమ్మాయి తన బిడ్డని ఎత్తి చూపించి, "చుట్టాలొచ్చారా ఫిలిజ్? మా వాడు మీ దాని కోసం ఏడుస్తున్నాడు" అని కేకేసింది. ఫిలిజ్ చెయ్యి ఊపి కిటికీ మూసింది. మూసి అక్కడే నిలబడింది.

"అమ్మ ఉంటే ఈ కిటికీకి మేకులు కొట్టేసేది" అంది. తర్వాత పాపని సబ్రియె ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లింది. తల్లి వేసుకునే గోధుమరంగు ఊలుకోటు తెచ్చింది. దాని మెడపట్టీ తిరగేసింది. లోపలివైపు ఒక సూది గుచ్చి ఉంది. దారం లేదు. "ఏ కోటు వేసుకున్నా ఇది దానికి మార్చేది. కుట్టుపని అస్సలు రాదు ఆవిడకి. ఎందుకమ్మా అంటే, ఎవరైనా బాలింత వచ్చి అడిగితే లేదనకూడదు అనేది."

సబ్రియె దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. ఫిలిజే సూది తీసి ఆమె అరచేతిలో పెట్టి, "నేను గడప దాటకూడదు కదా. మీరు వెళ్లి మార్చుకుని రండి పిన్నీ. మన కోసం" అంది.

సబ్రియె వీధి దాటింది. నాలుగు అడుగుల సందు. సెవ్‌గి తలుపు తీసి, సంగతి విని, పకపకా నవ్వి, "మా నానమ్మ చచ్చిపోయాక ఈ మాటలు మళ్లీ ఇప్పుడే వింటున్నా" అంటూ మిషను సొరుగు వెతికి ఒక కొత్త సూది ఇచ్చింది. సెవ్‌గి ముకద్దెస్ సూదిని పుచ్చుకుని తన గౌను అంచుకి గుచ్చుకుంది. సబ్రియె కొత్త సూది తెచ్చి ఫిలిజ్ చొక్కా మెడపట్టీ లోపల గుచ్చింది. ఇందులో ఏముంది, పిల్లలిద్దరూ రాళ్లలా ఉన్నారు. ముకద్దెస్ అడిగిన నాటికి నుర్తెన్ ఇంకా ఊరు దాటలేదు, పక్క పేటలో ఆమె పుట్టింటిదాకా నడిచి వెళ్లి తేవాల్సిన సూది. ఒక్క పూట పని.

మర్నాడు సబ్రియె ఒక్కతే శ్మశానానికి వెళ్లింది. చెంబుతో నీళ్లు పట్టుకెళ్లి ముకద్దెస్ సమాధి రాతిని కడిగింది. తీరిగ్గా కడిగానని చెప్పింది. కలిశారని అక్కడ కూడా చెప్పావా అని మెలిహా అడిగితే, "చెప్పా. అంతసేపు నిలబడింది నాకోసం. నేను నోరు తెరిచేదాకా నిలబడే ఉంది" అని మాత్రం అంది. చనిపోయిన మనిషి గురించి అన్నదో, గడప మీద చెంబు పెట్టిన రోజు గురించి అన్నదో, మెలిహా అడగలేదు.

ఇప్పుడు ఆమె అక్కడే ఉంది. ఫిలిజ్ ఉండమంది. క్షమించానని అనలేదు, ఉండమంది. పాపకి నలభై నిండే దాకా తల్లికీ బిడ్డకీ నీళ్లు సబ్రియె చేతులే పోస్తున్నాయి. ఐవాలిక్ నీళ్లకి సబ్బు పట్టదని, ఆ చవుటి నీళ్లు ఒంటికి తగిలితే తన చెయ్యే తనకి పరాయిదిగా ఉందని రోజూ ఫోన్‌లో సణుగుతోంది. మొన్న మెలిహాని పిలిచి, నలభై నీళ్లకి కొండ నీళ్లు ఒక డబ్బా పంపమంది. గుమ్మటం కింద ధార దగ్గరే పట్టి, మూత బిగించి, ఒక ఎర్రరిబ్బను ముక్క కట్టి, ఐవాలిక్ బస్సు డ్రైవరు చేతికిచ్చాం. చేరేసరికి చల్లారిపోయాయట. కుండలో పోసి పొయ్యి మీద కాస్తానంది. మా నీళ్లని పొయ్యి మీద కాయడం ఆమె జీవితంలో ఇదే మొదటిసారి.

అడుగున ముకద్దెస్ పేరున్న రాగిచెంబుని నలభై నిండే ఆదివారం నాడు ముకద్దెస్ మనవరాలి మీద వంచాక అక్కడే వదిలేసి వస్తానంది. సెర్విలిలో ఆమె తొడుగు మేకుకే ఉంది, ఎవరం ముట్టుకోలేదు. తలుపుకి కట్టే రిబ్బను మెలిహా బల్ల సొరుగులో ఉంది. సోమవారం, మార్చి పదిహేడున, మధ్యాహ్నం బస్సుకి వస్తానని చెప్పింది.